జామకాయ ఎత్తినంత శక్తి

"ముందు దీని కీ దించాలి సార్" అన్నాడాయన కంటికి అద్దం బిగించుకుంటూ.

వాచీకి కీ ఇవ్వడం చిన్నప్పటి నుంచీ ఎరుగుదును గానీ, దించడమనేది ఒకటుందని నాకు అప్పటిదాకా తెలియదు. అది మా నాన్నగారి హెచ్ఎంటీ. ఆయన పోయాక పదేళ్లు బీరువా సొరుగులో పాత కరెంటు బిల్లుల కింద పడి ఉంది. మొన్న ఇల్లు సర్దుతుంటే దొరికింది. తుడిచి కీ ఇచ్చాను. బొడిపె కిర్రు కిర్రుమంటూ తిరిగింది, బిగిసింది, ఇక తిరగనంది. సెకన్ల ముల్లు మాత్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు. చెప్పుల దుకాణానికీ ఫొటో స్టూడియోకీ నడుమ, ఒక మనిషి కూర్చుంటే నిండిపోయే వాచీ రిపేరు కొట్టు ఒకటుంది మా బజార్లో. అక్కడికి పట్టుకెళ్లాను.

"కీ ఎక్కువై బిగుసుకుపోయిందనుకుంటా" అన్నాను, తెలిసినవాడిలాగా.

"కీ ఎక్కువై వాచీ ఆగదు సార్. కీ నిండుగానే ఉంది. పోవడానికే దారి లేదు. నూనె జిగురైపోయింది."

హైస్కూల్లో మాకు రెండు వారాలపాటు చెప్పిన పాఠం ఆ మాటల్లో మొత్తం ఇమిడిపోయింది. అప్పుడు నాకు ఆ పాఠం తలకెక్కలేదు. తప్పంతా నాదే అనుకునేవాణ్ణి గానీ, ఇప్పుడు ఆలోచిస్తే కొంత మన మాటలది కూడా. పని చేయగల సామర్థ్యమే శక్తి అని ఒక నిర్వచనం రాయించేవారు. నాలుగు పేజీలు తిప్పాక, పని జరిగే రేటును సామర్థ్యం అంటారని ఇంకో నిర్వచనం. సామర్థ్యమే శక్తి అని ఒకచోట, సామర్థ్యం వేరే రాశి అని ఇంకోచోట! ఇంటికొస్తే "వాడి శక్తిసామర్థ్యాలు వాడికే తెలియవు" అని పెద్దవాళ్లు రెంటినీ కలిపి ఒకే గుక్కలో అనేవారు. కవలపిల్లల్లా కలిసి తిరిగే మాటలను విడదీసి, ఒకటి జౌళ్లలో ఇంకొకటి వాట్లలో కొలవాలంటే పిల్లవాడికి ఎక్కడ పాలుపోతుంది? మనూళ్లో చెరువును చూపించి ఉంటే సరిపోయేది. చెరువులో ఎన్ని నీళ్లున్నాయన్నది శక్తి. తూము ఎంత ఎత్తామన్నది సామర్థ్యం. నిండు చెరువుకు తూము మూసేస్తే పొలానికి చుక్క రాదు. నా వాచీకి పట్టిన గతి అదే.

చెరువు కంటే ఈ కీ వాచీ ఇంకా బాగా చూపిస్తుంది, ఎందుకంటే దీన్ని చేసినవాళ్ల పనితనమంతా తూము దగ్గరే ఉంది. వాచీ గొప్ప అంటే స్ప్రింగు గొప్ప అనుకుంటాం. స్ప్రింగు కొనుక్కోవచ్చు. ఆ స్ప్రింగులో ఉన్న పిసరంత శక్తిని రోజున్నరపాటు ఎవరికీ దుబారా చెయ్యనివ్వకుండా, చిల్లర లెక్కపెట్టినట్టు పంచడం ఉందే, అదీ విద్య.

ఆయన వెనక మూత విప్పాడు. చిన్న పళ్లచక్రం, దాని పంటిలోకి దిగి నిలబడ్డ గోరంత కొక్కెం కనిపించాయి. మనం కీ ఇచ్చేటప్పుడు వినిపించే కిర్రు కిర్రు ఈ కొక్కెం ఒక్కో పంటి మీంచి జారి పడే చప్పుడే. ముందుకు తిరగనిస్తుంది, వెనక్కి పోనివ్వదు. ఆయన బొడిపెను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒడిసి పట్టుకుని, సూదిమొనతో కొక్కేన్ని పక్కకు లాగి, బొడిపెను వేళ్ల మధ్యనే మెల్లగా వెనక్కి జారనిచ్చాడు. గాలిపటం దారాన్ని గుప్పిట్లోంచి వదిలినట్టు. పది పన్నెండు చుట్లు తిరిగి అది నీరసపడింది. అంతే, కీ దిగింది.

"వదిలేస్తే ఏమవుతుంది?"

"ఒక్కసారిగా విసురుతుంది సార్. పళ్లు పోతాయి."

స్ప్రింగు అనగానే బాల్‌పెన్నులో ఉండేది గుర్తొస్తుంది గానీ వాచీది అలా ఉండదు. మూరకు తక్కువ పొడవు, ఒకటిన్నర మిల్లీమీటరు వెడల్పు, కాగితమంత మందం ఉన్న ఉక్కు పట్టీ అది. గుండ్రటి డబ్బాలో చుట్టుకుని ఉంటుంది. లోపలి కొన నడిమి ఇరుసుకు, బయటి కొన డబ్బా గోడకు. కీ ఇచ్చినప్పుడు ఇరుసు తిరిగి పట్టీ దాని చుట్టూ బిగుసుకుంటుంది. బిగిసిన పట్టీలో బయటి ముఖం ఆ కాస్తలోనే సాగుతుంది, లోపలి ముఖం నొక్కుకుపోతుంది. అణువుల మధ్య ఎడం ఆ మేరకు మారి, మళ్లీ మొదటి చోటికి పోవాలని గుంజుకుంటూ ఉంటుంది. స్థితిజ శక్తి అని పుస్తకం చెప్పేది ఈ గుంజులాటనే. స్ప్రింగులో ఏదో పదార్థం నింపామని కాదు, దాన్ని కుదురుగా కూర్చోనివ్వలేదని.

ఈ డబ్బాలో ఒక పొందిక ఉంది, దాన్ని మెచ్చుకోకుండా ముందుకు పోలేను. కీ ఇరుసు వైపు నుంచి ఎక్కుతుంది. వాచీని నడిపే బలం డబ్బా అంచు పళ్ల నుంచి పోతుంది. కాబట్టి కీ ఇస్తున్న ఇరవై సెకన్లలో కూడా వాచీ ఆగదు. ఒక పక్క కాలువ పడుతుంటే ఇంకో పక్క తూము పారుతున్న చెరువులాంటిదే. పూర్వం గొలుసు చుట్టిన శంకువుతో నడిచే గడియారాలకు ఈ సుఖం ఉండేది కాదు. కీ ఇచ్చేటప్పుడు బలం తెగిపోకుండా వాటికి వేరే ఏర్పాటు చెయ్యాల్సి వచ్చేది. ఇక చెయ్యి ఊపితే తమంతట తామే కీ ఎక్కించుకునే ఆటోమేటిక్ వాచీల్లో, స్ప్రింగు నిండాక బయటి కొన డబ్బా గోడ మీద జారిపోతుంది. మన చెరువుకు అలుగు ఉన్నట్టు.

ఇప్పుడు లెక్క. మామూలు చేతి వాచీ స్ప్రింగు నిండా బిగిస్తే అందులో దాగే శక్తి ఒక జౌలు కూడా ఉండదు. మూడో వంతు అనుకుంటే పెద్ద తప్పు రాదు. వంద గ్రాముల జామకాయను బల్ల మీంచి ఒక అడుగు పైకి ఎత్తితే అయ్యే పని అంత. జామకాయను అడుగు ఎత్తడం! ఎత్తామని కూడా గుర్తుండదు మనకు. ఆ మాత్రం శక్తితో ఈ యంత్రం నలభై గంటలు నడుస్తుంది. నలభై గంటలంటే 1,44,000 సెకన్లు. మూడో వంతు జౌలును అన్ని సెకన్లకు పంచితే వచ్చే సామర్థ్యం సుమారు 2.3 మైక్రోవాట్లు, అంటే వాటులో పది లక్షల వంతులు రెండు చిల్లర.

అదే శక్తిని మనం ఇరవై సెకన్లలో ఎక్కించాం. మన వేళ్ల సామర్థ్యం అప్పుడు దాదాపు 17 మిల్లీవాట్లు. ఎక్కించిన వేగానికీ ఖర్చయిన వేగానికీ తేడా ఏడు వేల రెట్లు. శక్తి ఒకటే, సామర్థ్యాలు రెండు. ఆ రెండు మాటలను విడదీయడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

పొలం మీద ఐదు హెచ్‌పీ మోటారు ఉంటుంది కదా. హెచ్‌పీకి 746 వాట్ల చొప్పున దాని సామర్థ్యం 3,730 వాట్లు. దాన్ని ఇలాంటి వాచీలకు పంచితే 160 కోట్ల వాచీలు నడుస్తాయి. దేశంలో ఉన్న ప్రతి మనిషి మణికట్టుకూ ఒకటి కట్టినా ఇంకా మిగులుతుంది. ఒక్క బోరు మోటారు! రెండో పోలిక మన జేబులోదే. ఇప్పటి సెల్‌ఫోను బ్యాటరీలో సుమారు 54,000 జౌళ్లు పడతాయి. దాన్ని మనం ఒక్కరోజులో తాగేస్తాం. అదే శక్తి ఈ వాచీకిస్తే ఏడు వందల ఏళ్లకు పైగా నడుస్తుంది, కాకతీయుల కాలం నుంచి ఇవాళ్టి దాకా.

మళ్లీ కొట్టుకు వద్దాం. విడిభాగాలన్నీ పెట్రోలు గిన్నెలో కడిగి, కుంచెతో తోమి, ఒక్కొక్కటీ పట్టకారుతో తెచ్చి కూర్చుతున్నాడాయన. డబ్బా, తర్వాత వరసగా నాలుగు చక్రాలు. పైన వంతెనలాంటి పలక వేసి మరలు బిగించాడు. చక్రాలకు కాపలా ఉండే లివరు ఇంకా పెట్టలేదు, అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం పెట్టలేదు. అప్పుడు బొడిపె పట్టుకుని అర చుట్టు కీ ఇచ్చాడు.

"చూడండి సార్."

జుయ్‌మంది. చివరి చక్రం పళ్లు కలిసిపోయి పొగలా కనిపించాయి. రెండు క్షణాలు కూడా లేదు. ఆగిపోయింది. ఆగేముందు ఆ చిన్న చక్రం ఒక్క పిసరు వెనక్కి తిరిగింది.

"వెనక్కి తిరిగిందా, చూశారా? అట్లా తిరిగితే లోపల ఎక్కడా పట్టు లేదని లెక్క."

వెనక్కి తిరగడం ఎందుకో ఇంటికొచ్చి ఆలోచిస్తే గానీ అర్థం కాలేదు. స్ప్రింగు దిగిపోయినా చక్రాలు తమ వేగంతో ఇంకా పరుగెడుతూనే ఉన్నాయి. ఆ గతిజ శక్తి దిగిన స్ప్రింగును ఎదురు వైపు కాస్త వంచి, అందులో మళ్లీ నిల్వ అయింది. ఆ నిల్వ తిరిగి చక్రాన్ని తోసింది. ఘర్షణ ఎక్కువుంటే ఆ మిగులు అక్కడే వేడిగా చచ్చిపోయేది, వెనక్కి తోయడానికి ఏమీ మిగిలేది కాదు. ఘర్షణను కొలవడానికి ఆయన దగ్గర ఏ పరికరమూ లేదు. చక్రం వెనక్కి తిరిగిందా లేదా అన్నదే కొలత. శక్తి ఒక నిల్వ నుంచి ఇంకో నిల్వకు, మళ్లీ మొదటి దానికి పోయి రావడాన్ని పరీక్షగా వాడుకుంటున్న మనిషి, ఆ పాఠం పేరు విన్నాడో లేదో.

నేను చూసింది ఇంకొకటి కూడా ఉంది. గంటకు పైగా నడవాల్సిన కీ రెండు క్షణాల్లో అయిపోయింది. చెరువు అదే, తూము లేదు. గండి పడింది. లివరూ బ్యాలెన్సూ లేని వాచీ అంటే గండి పడ్డ చెరువే.

ఆ చక్రాల వరస చేసేదేమిటంటే, డబ్బా ఆరేడు గంటలకు ఒక చుట్టు తిరిగితే చివరి చక్రం ఆరు సెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంది. అంటే వేగం సుమారు నాలుగు వేల రెట్లు పెరుగుతుంది. ఊరికే పెరగదు. తిప్పే బలం అంతకు అంతా తగ్గుతుంది, దారిలో ఘర్షణకు ఇంకాస్త పోతుంది. పళ్లచక్రాలు శక్తిని పెంచుతాయని నమ్మేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. అవి మారకపు బేరగాళ్లు మాత్రమే. పెద్ద నోటుకు చిల్లర ఇస్తాయి, చేతిలో కొంత తరుగు కూడా తీసుకుంటాయి.

చిల్లర చివరికి చేరేది పదిహేను పళ్ల చక్రం దగ్గరకు. దాన్ని ఎస్కేప్ వీలంటారు. పేరుకు తగ్గట్టు అది పారిపోవాలని చూస్తూనే ఉంటుంది. దాని ముందు లివరు కాపలా. లివరుకు రెండు చేతులు, చేతికొక కెంపు రాయి. ఒక రాయి పంటికి అడ్డం పడి ఉంటుంది. చక్రం కదలదు. ఇంతలో బ్యాలెన్స్ చక్రం అటు నుంచి ఊగుతూ వచ్చి, తన అడుగున ఉన్న చిన్న కెంపు మేకుతో లివరును ఒక్క పోటు పొడుస్తుంది. రాయి తప్పుకుంటుంది, పన్ను వదులవుతుంది. వదులైన పన్ను ఊరికే పోదు. రాయి చివర ఏటవాలుగా సాన పట్టి ఉంటుంది, దాని మీంచి జారుతూ రాయిని పక్కకు తోస్తుంది. ఆ తోపు లివరు ద్వారా తిరిగి బ్యాలెన్స్ చక్రానికి అందుతుంది. అది అందుకుని వెళ్లిపోయేలోపు లివరు రెండో చెయ్యి ఇంకో పంటికి అడ్డం పడుతుంది. టిక్.

సెకనుకు ఐదుసార్లు, గంటకు 18,000 సార్లు, రోజుకు 4,32,000 సార్లు ఇదే తంతు. పూర్వం చెరువు కింద నీరటి ఉండేవాడు. ఏ మడికి ఎంత నీరు వదలాలో చూసేవాడు, అతని కూలి ఆ పంటలోంచే వచ్చేది. బ్యాలెన్స్ చక్రం అలాంటి నీరటి. తూము ఎత్తేదీ తనే, ఎత్తినందుకు కూలి ఆ నీళ్లలోంచే తీసుకునేదీ తనే. 18వ శతాబ్దం నడుమ లండన్‌లో థామస్ మడ్జ్ అనే గడియారపు పనివాడు ఈ లివరు ఏర్పాటును కనిపెట్టాడు. తర్వాత వచ్చినవాళ్లు వంకరలు సరిచేశారు, నునుపు చేశారు, లక్షల్లో చేసే ఉపాయాలు కనుక్కున్నారు. ఎత్తుగడ మాత్రం ఆయనదే.

ఒక్కో టిక్‌కు స్ప్రింగు నుంచి దిగే శక్తి ఎంత? అర మైక్రోజౌలుకు లోపు. ఇది ఊహకు అందే అంకె కాదు కాబట్టి నువ్వుగింజ దగ్గరకు పోదాం. మూడు మిల్లీగ్రాముల నువ్వుగింజ ఒకటిన్నర సెంటీమీటరు ఎత్తు నుంచి రాలి పడితే వచ్చే శక్తి అంత. వేలి వెడల్పంత ఎత్తు నుంచి నువ్వుగింజ! అందులోనూ బ్యాలెన్స్ చక్రం చేతికి అందేది సగం కూడా ఉండదు. మిగతాది చక్రాల ఇరుసుల్లో, పన్ను రాయిని రాసుకునే చోట, ఆ 'టిక్' చప్పుడులో పోతుంది. మనం ముచ్చటగా చెవి దగ్గర పెట్టుకుని వినే చప్పుడు నిజానికి వాచీ పారబోసుకుంటున్న శక్తి.

ఇంతకీ ఆ నీరటి ఎందుకంత నమ్మకస్తుడు? ఈ ప్రశ్న దగ్గరే నాకు ఈ వాచీ మీద గౌరవం పెరిగింది. కీ నిండుగా ఉన్నప్పుడు స్ప్రింగు గట్టిగా తోస్తుంది, దిగుతున్నకొద్దీ తోపు తగ్గుతుంది. సామర్థ్యం పొద్దున ఒకలాగా, మర్నాటి రాత్రికి ఒకలాగా ఉంటుంది. అలాంటి కూలితో బతికే చక్రం పొద్దున వేగంగా, రాత్రి నెమ్మదిగా ఊగాలి కదా? ఊగదు. కూలి తగ్గితే ఊపు చిన్నదవుతుంది గానీ ఊపుకు పట్టే కాలం దాదాపు మారదు. బ్యాలెన్స్ చక్రం నడుమ వెంట్రుక కంటే సన్నని చుట్ట ఒకటుంది, హెయిర్ స్ప్రింగు. దాన్ని ఎంత మెలిపెడితే అంతకు తగ్గ బలంతోనే వెనక్కి లాగుతుంది. రెట్టింపు మెలిక, రెట్టింపు లాగుడు. దూరం ఎక్కువ పోయిన చక్రాన్ని ఎక్కువ గట్టిగా లాగుతుంది, అది ఎక్కువ వేగంగా వచ్చి అదే సమయానికి చేరుతుంది. స్ప్రింగు సాగుడుకూ బలానికీ ఉన్న ఈ లంకె మనకు స్కూల్లో హుక్ నియమంగా తగిలేదే. చుట్ట స్ప్రింగు వేసిన వాచీని హైగెన్స్ అనే శాస్త్రవేత్త 1675లో బయటపెట్టాడు. అది ముందు నా ఆలోచనేనని రాబర్ట్ హుక్ పోట్లాడాడు. ఎవరిదైతేనేం, మనకు కావలసినంత దొరికింది.

ఊపు చివర చక్రం ఒక్క లిప్త నిలబడుతుంది. అప్పుడు శక్తి అంతా చుట్టలో. నడిమికి వచ్చేసరికి చుట్ట వదులు, శక్తి అంతా చక్రం పరుగులో. మళ్లీ అవతలి చివర చుట్టలో. ఉయ్యాలలో మనం చూసే ఆటే, కాకపోతే ఎత్తుకు బదులు మెలిక. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో నష్టం ఎంత తక్కువైతే నువ్వుగింజ కూలి అంత బాగా సరిపోతుంది. అందుకే ఆ చక్రం ఇరుసు కొనలు తలవెంట్రుక మందాన సాన పట్టి, అద్దంలా మెరిపించి, కెంపు రాళ్ల గుంటల్లో నిలబెడతారు. హెయిర్ స్ప్రింగుకు ఎండ కూడా శత్రువే. మామూలు ఉక్కు వేడికి మెత్తబడుతుంది, వాచీ వెనకబడుతుంది. ఎండకూ చలికీ మారని నికెల్ మిశ్రలోహాలను కనిపెట్టినందుకు షార్ల్ గియోమ్‌కు 1920లో భౌతికశాస్త్రపు నోబెల్ ఇచ్చారు. మన మే నెలలో వాచీ పెట్టుకుని బస్సెక్కేవాళ్లు ఆయనకు కొంత రుణపడే ఉన్నారు.

కెంపులంటే గుర్తొచ్చింది. డయలు మీద 17 జ్యుయెల్స్ అని ఉంటే, లోపల పదిహేడు కెంపులున్నాయి, వాచీ పోయినా అవి అమ్ముకోవచ్చని మా ఊళ్లో ఒక నమ్మకం ఉండేది. కెంపులే, కాకపోతే కొలిమిలో చేసినవి. ఫ్రాన్సులో వెర్నూయ్ అనే రసాయన శాస్త్రవేత్త అల్యూమినియం ఆక్సైడు పొడిని మంటలోంచి రాల్చి కరిగించి కెంపులు పండించే పద్ధతిని 1902లో ప్రకటించాక అవి చవకైపోయాయి. రాళ్లకు రంధ్రాలు తొలిచి ఇరుసులకు వాడే ఆలోచన అంతకు రెండు వందల ఏళ్ల నాటిది. ఫాసియో అనే స్విస్ గణితజ్ఞుడు 1704లో లండన్‌లో దానికి పేటెంటు తీసుకున్నాడు. పదిహేడు ఎందుకో కొట్టులో కూర్చుని లెక్కపెట్టాను. చక్రాలు మూడింటికీ ఎస్కేప్ వీలుకూ పైనా కిందా రెండేసి, ఎనిమిది. లివరు ఇరుసుకు రెండు, దాని చేతుల్లో రెండు. బ్యాలెన్స్‌కు రంధ్రపు రాళ్లు రెండు, వాటి మీద మూత రాళ్లు రెండు. పొడిచే మేకు ఒకటి. సరిగ్గా పదిహేడు. ఒక్కటీ అలంకారానికి కాదు. ప్రతి రాయీ ఎక్కడో ఒకచోట ఘర్షణకు అడ్డంగా నిలబడి ఉంది.

ఆయన నూనె వేస్తున్నప్పుడు చూడాలి. సూదిమొనకు అంటిన చుక్క, దాన్నీ రాయి గుంటకు తాకించి తాకించనట్టు. మా ఇంట్లో కుట్టుమిషనుకు అమ్మ నూనె పోసేది, కారేదాకా. ఇక్కడ ఒక చుక్క ఎక్కువైతే పాకి హెయిర్ స్ప్రింగు చుట్లను అంటిస్తుంది. తక్కువైతే ఎండిపోతుంది. చుక్క ఎక్కువైనా తక్కువైనా వాచీ మళ్లీ ఈ బల్ల మీదికే వస్తుందని ఆయన నవ్వాడు.

ఈ వాచీ బెంగళూరుది. జపాను సిటిజన్ కంపెనీ సాయంతో హెచ్ఎంటీ అక్కడ 1961లో వాచీల ఫ్యాక్టరీ పెట్టింది. ఆ తర్వాత రెండు తరాలపాటు మన ఇళ్లలో పరీక్ష పాసైనవాడికీ, పెళ్లిలో అల్లుడికీ, రిటైరయ్యే గుమస్తాకూ ఇదే బహుమతి. ఎంత గొప్ప పేరంటే మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా రైతు దాదాజీ ఖోబ్రాగడే తాను ఎంపిక చేసి పెంచిన సన్నవరికి ఆ వాచీ పేరే పెట్టుకున్నాడు. తెలంగాణలో మనం 'హెచ్‌ఎంటీ సన్నాలు' అని కొనుక్కునే బియ్యం అదే. సరదాకు ఒక లెక్క వేశాను. బియ్యం గ్రాముకు దాదాపు 15,000 జౌళ్ల ఆహార శక్తి. ఆ సన్నబియ్యపు గింజ పదిహేను మిల్లీగ్రాములు అనుకుంటే ఒక్క గింజలో రెండు వందల పైచిలుకు జౌళ్లు. మన కండరాలు అందులో అయిదో వంతే పనిగా మార్చగలవు, మిగతాది ఒంటి వేడి. అలా చూసినా ఒక్క హెచ్‌ఎంటీ బియ్యపు గింజతో ఒక హెచ్ఎంటీ వాచీకి వంద సార్లకు పైగా కీ ఇవ్వొచ్చు. వేళ్లు పట్టు బిగించినందుకూ, మోచెయ్యి ఎత్తినందుకూ ఒళ్లు ఖర్చు రాసుకునేది వేరే, అది ఈ లెక్కలో లేదు.

చివరికి ఈ శక్తి అంతా ఏమవుతుందని అడిగితే, వేడి అవుతుంది. పైనున్న కెంపులన్నీ, మెరుగులన్నీ దాన్ని ఆలస్యం చేస్తాయే గానీ ఆపలేవు. నలభై గంటల తర్వాత స్ప్రింగు దిగి, మూడో వంతు జౌలు వేడిగా మారి గాలిలో కలిసిపోయి ఉంటుంది. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీలో పన్నెండో వంతు వెచ్చబెట్టే వేడి అది. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి సెకనుకు దాదాపు వంద జౌళ్ల వేడి పోతుంటుంది. ఆ మణికట్టు వెచ్చదనం ముందు వాచీ వేడి ఎవరికి తెలుస్తుంది? శక్తి నశించలేదు, నిత్యత్వ నియమం చెక్కుచెదరలేదు. కానీ ఆ వేడిని పోగుచేసి మళ్లీ స్ప్రింగులోకి ఎక్కించే ఉపాయం లేదు. అందుకే మర్నాడు మళ్లీ కీ ఇవ్వాలి.

బ్యాటరీ వాచీని కించపరచాలని నాకు లేదు. అది తినేది కూడా మైక్రోవాట్లలోనే. లోపల క్వార్ట్జ్ పలుకు సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. టైము విషయంలో దాని ముందు కీ వాచీ నిలవదు. పాత కీ వాచీ రోజుకు ఇరవై సెకన్లు అటూ ఇటూ పోవడం మామూలే. అయితే 86,400 సెకన్లలో ఇరవై తప్పడమంటే వందకు 99.98 మార్కులు. నువ్వుగింజ కూలి మీద అన్ని మార్కులు తెచ్చుకున్న విద్యార్థిని ఫెయిలైనట్టు చూడడం నాకు మనసొప్పదు.

లివరు పెట్టాడు. బ్యాలెన్స్‌ను దాని వంతెనకు వేలాడదీసి, హెయిర్ స్ప్రింగు సాలీడు దారంలా సాగి ఊగుతుండగా, గుంటలోకి దించాడు. ఇంకా కీ ఇవ్వలేదు, చక్రం చచ్చినట్టు ఉంది. బొడిపె పట్టుకుని రెండంటే రెండు పళ్లు తిప్పాడు. ఎవరూ తాకలేదు, చక్రం తనంతట తాను కదిలింది. బద్ధకంగా ఒకటి, కాస్త పెద్దగా ఇంకొకటి, ఐదారు ఊపుల్లో నిండుగా అందుకుంది. పదేళ్ల కింద ఆగిన వాచీ.

"రోజూ పొద్దున ఒకే టైముకు కీ ఇవ్వండి సార్. పూర్తిగా దిగిపోయేదాకా ఉంచొద్దు. కొసన స్ప్రింగు నీరసంగా తోస్తుంది, టైము తప్పుతుంది."

పొద్దున్నే పళ్లు తోముకున్నాక కీ ఇచ్చే నాన్నగారి అలవాటుకు కారణం ఇన్నాళ్లకు తెలిసింది. డబ్బులిచ్చి ఇంటికొచ్చాను. ఫోను చూసి టైము పెట్టి, రోజూ తేడా రాసుకున్నాను. ఐదో రోజున ఆ కొట్టు ముందు నుంచి వెళ్తూ ఆగాను.

"రోజుకు పాతిక సెకన్లు తప్పుతోందండీ."

"ముందుకా, వెనక్కా?"

"ముందుకు."

ఆయన తలెత్తకుండానే ఇంకెవరిదో వాచీ మూత విప్పుతూ, "అయితే ఉండనీయండి సార్, బస్సు దొరుకుతుంది" అన్నాడు.